తోసేది మనం... ఎంచేది మాత్రం 'సారు'!

"సార్ ఉన్నారా మేడమ్?"

బాల్కనీ అద్దాల తలుపు బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగిన మొదటి ప్రశ్న ఇది. "లేరు బాబూ, ఆఫీసుకెళ్లారు. ఏంటో నాతో చెప్పు" అన్నాను. తలుపును ఒకసారి ఇటూ అటూ తోశాడు. అది ఎప్పటిలాగే సగం దాకా వచ్చి, కీచుమని మొరాయించి ఆగిపోయింది. "ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు మేడమ్. సామాన్లు దొరకవు. మొత్తం మార్చేయాలి. 42 వేలవుతుంది. సార్ నంబరివ్వండి, సార్‌తో మాట్లాడతా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ సారు ఆ తలుపును వారానికి ఎన్నిసార్లు తోస్తారో నాకు తెలుసు. ఆదివారం పొద్దున పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లేటప్పుడు ఒకసారి, కాఫీ కోసం లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి. అదైనా తలుపు తీసి ఉండకపోతేనే!

మరి నేనో? పొద్దున్నే తులసికోటకి నీళ్లు పోయడానికి, ఉతికిన బట్టలు ఆరేయడానికి, ఎండాక తీయడానికి, వాన మబ్బు పడితే పరుగెత్తడానికి, వడియాల చాట పెట్టడానికి, పావురాలు తోలడానికి, సాయంత్రం దోమలు రాకముందే మూయడానికి. ఒకరోజు లెక్కపెట్టాను. ఇరవై రెండు సార్లు తేలింది. ఏడాదిగా ఆ తలుపు బరువుగా కదులుతుంటే నా భుజం నొప్పి పుట్టింది తప్ప, ఇంట్లో ఇంకెవరికీ తలుపు పాడైనట్టే తెలియదు. అలాంటప్పుడు ఆ తలుపు సంగతి నాతో కాక ఇంకెవరితో మాట్లాడతాడట?

మీ ఇంట్లోనూ ఇంతేనా? ఇల్లు కట్టేటప్పుడు వంటగది గట్టు ఎత్తు గురించి, పూజగది దిక్కు గురించి మనల్ని అడుగుతారు. కర్టెన్ల రంగు మన ఇష్టమేనంటారు. కానీ ఆ కర్టెన్ వెనకాల ఉండే తలుపులో ఏ అద్దం వేస్తున్నారు, దాని కింద ఏ చక్రాలు పెడుతున్నారు అన్నది బిల్డరు, మేస్త్రీ, మావారు కలిసి తేల్చేస్తారు. "అదంతా టెక్నికల్, నీకెందుకు?" అన్న మాట ఒకటి దానికి తోడు. ఆ టెక్నికల్ సంగతేంటో ఈ ఏడాది నేను కాస్త కష్టపడి తెలుసుకున్నాను. బ్రహ్మవిద్యేం కాదు. మన కుక్కర్ గాస్కెట్ మార్చడం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

చక్రం అరిగితే తలుపు మార్చాలా?

42 వేల అబ్బాయిని మర్యాదగా పంపేశాక, మా పక్క వీధిలో అల్యూమినియం పని చేసే ఒక పెద్దాయనను పిలిపించాను. ఆయన సార్‌ను అడగలేదు. "రెండు ముక్కలు దుప్పటి ఉంటే ఇవ్వమ్మా" అని అడిగాడు. ఆయనా, ఆయన కుర్రాడూ కలిసి తలుపు రెక్కను పైకెత్తి, అడుగుభాగం లోపలికి లాగి, దుప్పటి మీద మెల్లగా పడుకోబెట్టారు. కింద చూస్తే ఏముంది? రెక్కకు రెండు చొప్పున చిన్న చక్రాలు. ఒకటి తిరగనే తిరగడం లేదు. దాని ఇరుసు చుట్టూ నా జుట్టు, దుమ్ము, దారప్పోగులు జడలా అల్లుకుపోయి ఉన్నాయి. రెండోది ఒక పక్కకి అరిగి వంకర తిరిగింది. పన్నెండేళ్ల నుంచి ఆ తలుపు మోస్తున్నది ఆ నాలుగు చక్రాలే!

ఆయన పాత చక్రం ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఇది పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్తే ఇలాంటిదే ఇస్తారమ్మా" అన్నాడు. మోడల్ రావట్లేదన్నది పచ్చి అబద్ధం. తలుపు కంపెనీ మారినా, చక్రం గాడి ఆకారం, దాని డబ్బా వెడల్పు, ఎత్తు సరిపోతే చాలు. మాకు రెండో షాపులోనే దొరికింది. అరిగిపోయిన కింది పట్టా మీద సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేశాడు. మొత్తం ఖర్చు, కూలీతో సహా 2,200 రూపాయలు. ఇప్పుడు మా మనవరాలు ఒక్క వేలితో తోస్తుంది.

42 వేలకీ రెండు వేల రెండొందలకీ మధ్య ఉన్న తేడా ఏమిటంటే, తలుపు ఎలా నడుస్తుందో తెలియకపోవడం. ఆ తెలియనితనానికే మనం డబ్బు కడుతున్నాం.

అందుకే ఎవరినైనా పిలిచే ముందు మీరే మూడు పరీక్షలు చేయండి. మొదటిది, కింది పట్టాలో చెత్త. పాత టూత్‌బ్రష్షుతో గీకి, వాక్యూమ్ క్లీనర్ ఉంటే పీల్చేసి, తడిగుడ్డతో తుడవండి. సగం తలుపులు ఇక్కడే దారికొస్తాయి. రెండోది, తలుపు నిటారుగా ఉందా? మూసేముందు రెక్కకీ, పక్క ఫ్రేముకీ మధ్య సందు చూడండి. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే ఒక పక్క చక్రం దిగిపోయిందన్నమాట. చాలా తలుపులకు రెక్క అంచున అడుగున చిన్న రంధ్రం, అందులో స్క్రూ ఉంటాయి. దాన్ని స్క్రూడ్రైవర్‌తో కొంచెం తిప్పితే ఆ పక్క పైకి లేస్తుంది, రెండోవైపు తిప్పితే దిగుతుంది. రెక్క నిటారుగా నిలిస్తే గొళ్లెం కూడా దానంతటదే సరిగ్గా పడుతుంది. తాళం పాడైందని మనం అనుకునే చాలా సందర్భాల్లో తాళం తప్పేమీ ఉండదు, తలుపు వాలిపోయి ఉంటుంది. మూడోది, ఇవి రెండూ చేసినా గరగరమంటుంటే చక్రాలు అరిగినట్టే.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. రెక్కను మీరొక్కరే ఎత్తడానికి ప్రయత్నించవద్దు. అద్దం బరువు లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు అద్దం, ఒక మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న 5 మిల్లీమీటర్ల పలక దాదాపు 28 కిలోలు. అదే 8 మిల్లీమీటర్లయితే 45 కిలోల పైమాటే. అంటే ఒకటిన్నర నిండు గ్యాస్ బండ. పైగా అద్దం! ఫ్రేము బరువు దీనికి అదనం. ఇద్దరు మనుషులు, కాళ్లకు చెప్పులు, కింద దుప్పటి ఉంటేనే ఆ పని.

కొబ్బరినూనె వేస్తున్నారా?

తలుపు కీచుమంటే మనింట్లో మొదట వెతికేది నూనె గిన్నె. మా అత్తయ్యగారు ఏళ్ల తరబడి పట్టాలో కొబ్బరినూనె పోసేవారు. రెండ్రోజులు హాయిగా జారేది. మూడోరోజు నుంచి ఆ జిడ్డుకి దుమ్ము పట్టి నల్లటి ముద్ద తయారయ్యేది. మాడ తలుపుల మడతబందులకు ఆ వైద్యం పనికొస్తుందేమో గానీ, అడుగున పట్టా ఉన్న తలుపుకి కాదు. పట్టా శుభ్రం చేసి ఆరాక, హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టండి. అది కూడా లేకపోతే కొవ్వొత్తిని పట్టా మీద రెండుసార్లు రుద్దండి. దుమ్ము పట్టదు, తలుపు జారుతుంది.

ఇక వాన నీళ్లు. "గాలివాన కొడితే హాల్లో మడుగు కడుతోంది, సిలికాన్ పెట్టించినా ఆగట్లేదు" అని మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ల వాళ్లు గోల. వెళ్లి చూస్తే అసలు కారణం వేరే. ఈ తలుపుల కింది ఫ్రేములో బయటివైపు సన్నటి చీలికల్లాంటి రంధ్రాలుంటాయి. పట్టాలో పడ్డ నీళ్లు వాటిలోంచి బయటికి పోవాలి. మట్టి, చీమల పుట్ట, పెయింటర్ల రంగు, కొన్నిచోట్ల అవేమిటో తెలియక మేస్త్రీ పూసిన సిమెంటూ వాటిని మూసేస్తాయి. నీళ్లకు బయటికి దారి లేక లోపలికి పొంగుతాయి. తొలకరికి ముందు ఒక చీపురుపుల్లతో ఆ రంధ్రాలు పొడిచి, పట్టాలో ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి. బయటికి కారితే సరే. లీకు ఆపుతానంటూ ఆ రంధ్రాల మీదే సిలికాన్ పూసే మహానుభావులున్నారు, దగ్గరుండి చూసుకోండి. సిలికాన్ పూయాల్సింది ఫ్రేముకీ గోడకీ మధ్య ఉన్న సందులో.

రెక్కల అంచున మెత్తటి ఉన్ని పట్టీ ఒకటి ఉంటుంది. దుమ్మూ గాలీ బొద్దింకలూ రాకుండా ఆపేది అదే. కొన్నేళ్లకు అది అరిగి బోడిదవుతుంది. మీటరు లెక్కన చవగ్గా దొరుకుతుంది. పాతది లాగేసి కొత్తది గాడిలోకి దూర్చడమే. ఇది మాత్రం మనమే చేసుకోవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు బాత్రూం యాసిడ్ దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టీలు పీచు అద్దాన్ని గీకేస్తుంది. బోరు నీళ్ల తెల్లమరకలకి నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి తుడిస్తే చాలు. పండక్కి సున్నాలూ రంగులూ వేయించేటప్పుడు తలుపుకు పాత చీర కప్పండి. సున్నం, సిమెంటు చుక్కలు ఎండిపోతే అద్దం మీదా, ఫ్రేము మీదా శాశ్వతంగా మచ్చ పడుతుంది.

మందం కాదు, జాతి అడగండి

ఇంతవరకూ చెప్పింది డబ్బు సంగతి. ఇక చెప్పబోయేది ప్రాణం సంగతి.

మూడేళ్ల కిందట మా చెల్లెలి ఇంట్లో చిన్న పుట్టినరోజు వేడుక. పిల్లలు హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి హాల్లోకి పరుగులు. మా చెల్లెలు పొద్దున్నే అద్దం తళతళలాడేలా తుడిచింది. ఏసీ వేశారని ఎవరో తలుపు మూశారు. ఆరేళ్ల వాడికి తలుపు మూసి ఉందని తెలియలేదు. పరుగెత్తుకుంటూ వెళ్లి నేరుగా అద్దంలోకి దూసుకుపోయాడు. అద్దం కత్తుల్లా పగిలి విరిగింది. చెయ్యి మోచేతి దగ్గర చీలింది. పదకొండు కుట్లు పడ్డాయి. "ఇంకొంచెం పక్కకి తెగి ఉంటే..." అని డాక్టరు మధ్యలో ఆపేసిన మాట మా చెల్లెలు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తర్వాత నెలరోజులు ఆ పిల్ల నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "అద్దం తుడవడం నా తప్పా అక్కా?"

కాదమ్మా, కాదు. తప్పు అద్దం తుడిచిన చేతిది కాదు, ఆ అద్దం ఎంచిన చేతిది. అక్కడ వేసింది మామూలు అద్దం. ఇల్లు కొన్నప్పుడు "అయిదు మిల్లీమీటర్లు, మంచి అద్దం" అన్నారట. మందమెంతో అడిగారు గానీ, జాతేమిటో ఎవరూ అడగలేదు.

మామూలు అద్దం పగిలితే పొడవాటి, పదునైన ముక్కలవుతుంది. టఫెన్డ్ గ్లాస్ అనేది వేరు. అద్దాన్ని సుమారు 620 డిగ్రీల పైన వేడిచేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. దాంతో అది అదే మందం ఉన్న మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు గట్టిపడుతుంది. ఒకవేళ పగిలినా పటికబెల్లం పలుకుల్లా చిన్న చిన్న మొద్దు ముక్కలవుతుంది. గాయాలు కావని కాదు, లోతుగా కోసుకుపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. కారు పక్క అద్దాలు సాధారణంగా ఈ జాతివే. ఇంకొకటి లామినేటెడ్. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. కారు ముందరి అద్దం ఇదే.

అమెరికాలో తలుపులకు, ముఖ్యంగా పెరటి వైపు జరిపే అద్దాల తలుపులకు, ఇలాంటి సేఫ్టీ గ్లాసే వాడాలని 1977లోనే నిబంధన తెచ్చారు. అక్కడున్న మన పిల్లల ఇళ్లకు వెళ్లినప్పుడు తలుపు అద్దం మూలన చూడండి, చిన్న ముద్ర కనబడుతుంది. మన దేశంలోనూ సేఫ్టీ గ్లాసుకు ఐఎస్ 2553 అనే ప్రమాణం ఉంది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో అద్దాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. అంటే కాగితం మీద కొరతేమీ లేదు. కొరతల్లా మన ఇంటి తలుపు దగ్గర అడిగేవాళ్లదే.

ఎలా గుర్తుపట్టాలి? మూలన చెరగని ముద్ర ఉందేమో చూడండి. దానికన్నా తేలికైన గుర్తు ఇంకోటుంది. టఫెన్డ్ చేశాక ఆ అద్దాన్ని కోయడం గానీ, రంధ్రం పెట్టడం గానీ కుదరదు, కోస్తే మొత్తం పొడైపోతుంది. కొలతలిచ్చి ముందే చేయించుకోవాలి. కాబట్టి ఎవరైనా "టఫెన్డే మేడమ్" అంటూ మీ టెర్రస్ మీద ఒంటి పలక అద్దాన్ని కోస్తుంటే అది టఫెన్డ్ కాదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

టఫెన్డ్‌కి దాని బలహీనత దానికుంది. నడిమధ్య గుద్దితే తట్టుకుంటుంది గానీ అంచు మీద, మూల మీద చిన్న దెబ్బ తగిలినా పగలొచ్చు. లోపల కంటికి కనబడని మలినం ఉంటే అరుదుగా ఏ దెబ్బా లేకుండానే ఒకరోజు పగిలిపోతుంది. దిష్టి తగిలిందని కంగారుపడనక్కర్లేదు. బిగించేటప్పుడు అంచులు పెచ్చు లేవకుండా, మూల నేల మీద ఆనించకుండా చూసుకోవాలి.

ఇప్పటికే మామూలు అద్దం ఉంటే? వెంటనే మార్చే స్తోమత లేకపోతే సేఫ్టీ ఫిల్మ్ అతికించండి. పగిలినా ముక్కలు చెదరకుండా పట్టి ఉంచుతుంది. ఎండ తగ్గించే నల్ల ఫిల్మ్ వేరు, ఇది వేరు, అడిగి తీసుకోండి. పైసా ఖర్చు లేని పని ఇంకోటుంది. అద్దం మీద కంటికి కనబడే గుర్తులు పెట్టండి. పెద్దవాళ్ల కంటి ఎత్తులో ఒక వరస, పిల్లల కంటి ఎత్తులో ఒక వరస. మా చెల్లెలు ఇప్పుడు తన అద్దం మీద చుక్కల ముగ్గు స్టిక్కర్లు అతికించింది. అందానికి అందం, రక్షణకి రక్షణ.

కొనేముందు మనం అడగాల్సినవి

అసలు జరిపే తలుపే కావాలా అన్నది మొదటి ప్రశ్న. రెండు రెక్కల జరిపే తలుపు ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. కరెంటు పోయిన వేసవి రాత్రి ఆ సగం గాలి ఏ మూలకి? బాల్కనీ విశాలంగా ఉంటే పూర్తిగా తెరుచుకునే మామూలు రెక్కల తలుపే మేలు. చోటు ఇరుకైతేనే జరిపేది. నాకు అద్దాల తలుపు మీద కోపమేమీ లేదు. చీకటి హాలు వెలుతురు హాలు అవుతుంది, వంటింట్లో నిలబడి కూడా ఆకాశం కనబడుతుంది. కానీ పడమటి ముఖంగా పెట్టిస్తే ఏప్రిల్, మే నెలల్లో ఆ హాల్లో మనిషి నిలవలేడు. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా లాభం తక్కువ, వేడి అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేస్తుంది. ఎండను బయటే ఆపాలి. బాల్కనీలో వట్టివేళ్ల తడికో, వెదురు చాపో వేలాడదీయండి. మన అమ్మమ్మలు చేసింది అదే కదా!

ఫ్రేము అల్యూమినియమా, యూపీవీసీనా అన్నది రెండో ప్రశ్న. అల్యూమినియం సన్నగా, బలంగా ఉంటుంది, అద్దం ఎక్కువ కనబడుతుంది, కానీ వేడిని లోపలికి తెస్తుంది. యూపీవీసీ వేడినీ, రోడ్డు చప్పుడునీ బాగా ఆపుతుంది, తుప్పు బాధ లేదు. అయితే దాని బలమంతా లోపల దూర్చే ఇనుప కమ్మీదే. ఆ కమ్మీ ఉందో లేదో, ఎంత మందమో అడగండి, కోసిన ముక్క చూపించమనండి. నాసిరకం తెల్ల యూపీవీసీ మన ఎండకి పసుపు రంగుకి తిరుగుతుంది.

మూడోది చక్రాలు. "మీ చక్రాలు ఎన్ని కిలోలు మోస్తాయి? నా రెక్క ఎన్ని కిలోలు?" అని అడగండి. పైన చెప్పిన లెక్క మీ చేతిలో ఉంది కాబట్టి మాయమాటలు చెల్లవు. అద్దం మందం పెంచి, చక్రాలు పాత రకమే వేస్తే మూడేళ్లలో మీ భుజమే సాక్ష్యం చెబుతుంది.

నాలుగోది దోమల జాలీ. రెండు పట్టాల తలుపులో జాలీకి చోటుండదు. మూడు పట్టాలది మొదట్లోనే చెప్పి చేయించుకోవాలి. తర్వాత అతికించే జాలీలు ఎన్నాళ్లో నిలవవు.

అయిదోది కింది పట్టా ఎత్తు. ఎత్తుగా ఉంటే వాన నీళ్లను బాగా ఆపుతుంది. కానీ ఇంట్లో కాళ్లీడ్చి నడిచే పెద్దవాళ్లుంటే అదే వాళ్ల తుంటి ఎముకకు గండం. వానజల్లు నేరుగా కొట్టని బాల్కనీ అయితే తక్కువ ఎత్తు పట్టా అడగండి. లేదంటే పట్టా పక్కన రంగు పట్టీ అతికించి, గోడకు పట్టుకునే కమ్మీ పెట్టించండి.

ఆరోది తాళం. దీని గురించి మా ఇంటి కథ ఒకటుంది. తోయగానే దానంతటదే పడిపోయే తాళం మాది. ఒక మధ్యాహ్నం అత్తయ్యగారు బట్టలు తీయడానికి వెళ్లి, చల్లగాలి పోతుందని తలుపు వెనక్కి జరిపారు. టక్కున తాళం పడింది. ఇంట్లో ఎవరూ లేరు. మే నెల ఎండలో నలభై నిమిషాలు బాల్కనీలో నిలబడిపోయారు. కింద ఇస్త్రీ బండి అబ్బాయి ఆవిడ కేకలు విని నాకు ఫోన్ చేయించాడు కాబట్టి సరిపోయింది. బయటినుంచి కూడా తీయగలిగే పిడి గానీ, మనం తిప్పితే తప్ప పడని తాళం గానీ అడగండి. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. రెక్కను పైకెత్తి ఊడదీయడానికి వీల్లేకుండా పై పట్టాలో అడ్డు బిళ్లలు పెట్టించుకోవాలి. బాగుచేసేవాడు ఎత్తగలిగిన తలుపును దొంగా ఎత్తగలడు.

సముద్రం పక్కన ఉంటున్నారా?

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉండేవాళ్లకు ఇంకో రెండు మాటలు. ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూలు, చక్రాలు రెండేళ్లు కూడా ఆగవు. స్టెయిన్‌లెస్ స్టీల్లో 304 రకం కన్నా 316 రకం ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. నెలకోసారి మంచినీళ్లతో ఫ్రేము కడిగితే దాని ఆయువు పెరుగుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఎన్ని ఇళ్ల, ఆఫీసుల అద్దాలు పగిలాయో అక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. గాలి వేగం పటంలో హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుంటే, విశాఖకూ విజయవాడకూ 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి తోపుడు వేగంతో సమానంగా కాక, అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి హైదరాబాద్‌లో అక్కయ్య ఇంట్లో చూసి వచ్చిన తలుపే విశాఖలో పదో అంతస్తుకు పెట్టించమంటే కుదరదు. ఇంటి ఎత్తు, తలుపు వెడల్పు, ఊరు, ఈ మూడూ చెప్పి అద్దం మందం లెక్క వేయించండి. తుపాను రోజున అద్దానికి అడ్డంగా టేపులు అంటించడం వల్ల దానికి బలం రాదు. తలుపు గట్టిగా మూసి, పిల్లల్ని తీసుకుని ఆ గది వదిలి వెళ్లడమే మంచిది.

అడిగితే తప్పేంటి?

ఇవన్నీ చదివి "ఇదంతా మగవాళ్లు చూసుకుంటారుగా, మనకెందుకు తలనొప్పి?" అని మా వదిన అంది. మావారు నవ్వి, "పోనీలే, నువ్వే ఇంజనీరువి" అన్నారు. మగవాళ్లను తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. నిజానికి వాళ్లకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం వాళ్లకు నామోషీ, అడగడం మనకు మొహమాటం. ఈ రెండింటి మధ్యా బేరగాడు బాగుపడతాడు, పిల్లాడి చెయ్యి తెగుతుంది.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు "మనదా ఏంటి" అనుకుంటారు. తలుపు ఓనరుదే, కానీ దాని పక్కన ఆడుకునే పిల్లలు మీవాళ్లు. ఇంట్లో దిగేముందు గోడలకు మేకులు కొట్టొచ్చా అని అడుగుతాం కదా, అలాగే అద్దం ఏ జాతిదని కూడా అడగండి. లేదంటే ఆ ముగ్గు స్టిక్కర్లయినా అతికించండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చీర కొనేటప్పుడు పోగు లాగి చూస్తాం. బియ్యం కొనేటప్పుడు గింజ కొరికి చూస్తాం. వంకాయ తొడిమ దగ్గర పుచ్చు పసిగడతాం. అంత నేర్పున్న మనకు ఒక తలుపు అర్థం కాదా? చక్రం అరిగితే చక్రం, పట్టీ పోతే పట్టీ, రెండు పలకల అద్దం మధ్య మసక పట్టితే ఆ అద్దం మాత్రమే మార్చమనండి. బిల్లు మీద 'టఫెన్డ్' అన్న మాట, మందం, చక్రాల రకం రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.

మొన్న మా పైఫ్లాటులో తలుపు పని జరుగుతుంటే వెళ్లాను. పనివాడు ఆ ఇంటి కోడలిని "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" అని అడుగుతున్నాడు. ఆ అమ్మాయి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "సార్ రాత్రికొస్తారు గానీ, ముందు నువ్వు నాకు చెప్పు. రెక్క బరువెంత? చక్రం ఎన్ని కిలోలు మోస్తుంది?" అంది. అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, జేబులోంచి టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

ఆ తర్వాత అతను సార్ ఊసే ఎత్తలేదు!